రానివాడి కుండ

చంపకగిరి కోటకు ఏడు ప్రాకారాలు, నాలుగు ద్వారాలు, నూట ఎనిమిది బురుజులు. ఆనాడు ప్రతి బురుజు మీదా పచ్చపట్టు జెండా రెపరెపలాడుతోంది. రాజవీధి పొడుగునా పన్నీరు చల్లి, రెండు పక్కలా గెలలతో సహా అరటిచెట్లు నిలబెట్టారు. పట్టపుటేనుగు నుదుట వీశెడు సిందూరం మెత్తారు. అది తనకు పెళ్ళనుకుందో ఏమో, తొండంతో వచ్చేపోయేవాళ్ళ తలపాగాలు ఎగరేస్తోంది. మేడల మీది నుంచి పడుచులు పూలు చల్లుతుంటే కింద ముసలివాళ్ళు కూడా వయసు మరిచి తలెత్తి నడుస్తున్నారు. ఆనాడు యువరాజు కువలయుడి కుండల పండుగ.

అంత సంబరంలోనూ తూర్పు ద్వారం పక్కన ఒక మనిషి గొంగడి ముసుగేసుకుని, ఎడమ మోకాలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. అతని పేరు బేతన. పది రోజుల కిందటి దాకా ఈ కోటకు దళవాయి, నాలుగు వేల కత్తులకు నాయకుడు. ఇప్పుడు మాత్రం ఊరందరి మాటా ఒకటే, బేతన సరిహద్దులో చచ్చిపోయాడని.

అది ఎందుకో తెలియాలంటే ఆ సీమ సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ మనుషులు మూడు పుట్టుకలు. ఉగ్రజులు, సోమజులు, మధ్యములు. ఇరవయ్యో ఏడు నిండాక ఒంటి వాసన విచ్చుకుని ఎవరు ఏ పుట్టుకో తెలిసిపోతుంది. ఉగ్రజుల వాసన ఘాటు, వాళ్ళు సేనలు నడుపుతారు. సోమజుల వాసన పూల వాసన, ఆడైనా మగైనా కడుపు పండే పుట్టుక అది. మధ్యములకు వాసన ఉందంటే ఉంది, లేదంటే లేదు, దేశంలో పనంతా చేసేది వాళ్ళే. ఇద్దరి వాసన ఒకటైతే పెళ్ళయినట్టే అని అక్కడి సామెత. కళ్ళు మోసం చేస్తాయి గాని ముక్కు చెయ్యదని వాళ్ళ గట్టి నమ్మకం. అసలు వాసనే లేకపోతే అది శవం కిందే జమ.

నల్లకోట ఏలిక, మంత్రగాడు అయిన కరాళవర్మ సరిగ్గా ఆ నమ్మకం మీదే దెబ్బ కొట్టాడు. సరిహద్దులో మాయపొగ వదిలి బేతనను పట్టుకున్నాడు. గులాబీరేకుల నుంచి పన్నీరు తీసినట్టు మూడు రోజులు బట్టీ గదిలో ఉంచి, అతని ఒంటి వాసనంతా చుక్కచుక్కగా ఒక నల్ల సొరబుర్రలోకి దించాడు. కాపలావాళ్ళు పొద్దున్నే వచ్చి వాసన చూశారు. ఏమీ రాలేదు. శవమే అనుకుని కాళ్ళు పట్టి లోయలోకి విసిరేశారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, ముందే అరిగిపోయిన మోకాలికి మరో దెబ్బ తగిలించుకుని బేతన ఏడు రోజులు నడిచి వచ్చాడు.

కరాళవర్మకు తన వాసన దేనికి పనికొస్తుందో అతనికి దారిలో అర్థం కాలేదు. ఇక్కడ కూర్చున్నాక అర్థమైంది. చెప్పింది కుమ్మరి అవ్వ.

ఆ అవ్వకు కళ్ళు ఆనవు. పండుగ కుండలు ముత్తాతల నాటి నుంచీ ఆమె ఇంటివాళ్ళే చేసి అంతఃపురానికి మోస్తారు. పని ముగించుకుని తిరిగి వస్తూ బేతన పక్కన చతికిలబడి, అలవాటుగా ముక్కు ఎగబీల్చింది.

"ఇక్కడెవరో ఊపిరి తీస్తన్నారు, ఒంటి వాసన మాత్రం లేదు. నువ్వు బతికున్నోడివా, పోయినోడివా అయ్యా?"

"నాకే తెలీడం లేదవ్వా. కుండలు ఎన్నొచ్చాయి?"

"ఎనిమిది. ఎనిమిది మంది రాజులు, మూడేసి రోజులు కట్టి విడిచిన ఉత్తరీయాలు. చినరాజు కళ్ళకు గంతలు కట్టుకొని వాసన చూసి ఏ కుండ ఎత్తుకుంటే వాడే మొగుడు. కానీ ఒక్కటి చెబుతా విను. నాలుగో కుండ ఆ నల్లకోటోడిది. మోసేటప్పుడు మూత సందున వాసనొచ్చింది. తొలకరికి తడిసిన ఎర్రమట్టి, కాస్త ఇనుము. అచ్చం చచ్చిపోయిన మన దళవాయి వాసన. నాకు ఏడుపొచ్చింది నాయనా."

బేతనకు అప్పుడు తెలిసింది. కువలయుడు మూడేళ్ళుగా ఏ వాసన కోసం ఎదురుచూస్తున్నాడో, గంతలు కట్టుకుని ఆ వాసన దగ్గరికే పోతాడు. కుండ ఎత్తుతాడు. గంతలు విప్పేసరికి ఎదురుగా కరాళవర్మ ఉంటాడు.

మూడేళ్ళ కిందట గుర్రపుశాల మెట్ల మీద బేతన కుంటుతూ దిగుతుంటే ఇరవైనాలుగేళ్ళ యువరాజు ఆపి, "దళవాయిగారూ, యుద్ధంలో తగలని దెబ్బ మెట్ల మీద తగిలిందా?" అని నవ్వాడు. మర్నాడే వావిలాకు నూనె కుప్పె ఒకటి వచ్చింది. వంటశాలలో ఎవరినీ ముట్టనివ్వకుండా యువరాజే కాచాడట. ఆ తర్వాత నెల తప్పకుండా కుప్పె వచ్చేది. బేతన నెల తప్పకుండా ఖాళీ కుప్పె తిరిగి ఇవ్వడానికి తనే వెళ్ళేవాడు. పెళ్ళినాడు విప్పేదాకా, సోమజుడి మెడలో పసుపు నూలు ఉన్నంత కాలం పరాయి ఉగ్రజుడు జానెడు దూరం దాటి రాకూడదని నియమం. మూడేళ్ళలో బేతన ఆ జానెడు దాటలేదు. దాటాలని లేక కాదు. కుప్పె ఇచ్చి వచ్చిన ప్రతిసారీ అతనికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

సరిహద్దుకు బయలుదేరే ముందు యువరాజు సూటిగానే అడిగాడు. "మీ ఉత్తరీయం కూడా ఒక కుండలో పెట్టండి. ఎత్తుకోవడం నా పని."

"నాకు నలభై ఆరు, మీకు ఇరవై ఏడు. ఆ రోజు నేను ఉండాల్సింది ద్వారం దగ్గర బల్లెంతో, దొరా. కుండతో కాదు."

"నేను అడిగింది మీ వయసు కాదు" అన్నాడు కువలయుడు. బేతన జవాబు చెప్పకుండా గుర్రమెక్కాడు. ఆ జవాబు బాకీ ఇప్పుడు అతని ప్రాణం మీదికి వచ్చింది.

"అవ్వా, తొమ్మిదో కుండ పెట్టారా?"

"రానివాడి కుండా? పెట్టకపోతే ఎట్టా? దారిలో చచ్చిపోయిన వరుడి కోసం ఒక ఉత్త కుండ చివర పెట్టడం ఆచారం గదా. నూరేళ్ళలో ఎవరూ దాని దగ్గర వంగింది లేదు. దాన్ని ఎత్తుకున్నోడు చచ్చినోణ్ణి వరించినట్టే, వాణ్ణీ దక్షిణ ద్వారాన శవంతో పాటు సాగనంపుతారు." అవ్వ ఆగింది. "నీ గొంతు ఎక్కడో విన్నట్టుంది."

బేతన ఆమె పాదాలు ముట్టుకుని లేచాడు.

అంతఃపురానికి ఏడు వాకిళ్ళు. వాకిలికి ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది ఘ్రాణభటులు. సోమజుల లోగిలి కాబట్టి వాళ్ళు చూడకూడదు, నల్లపట్టు గంతలతో ముక్కే ఆధారంగా కాస్తారు. కోసు దూరంలో ఉన్న ఉగ్రజుణ్ణి పసిగట్టి బల్లెం విసరగలరు. వాళ్ళకు ఆ విద్య నేర్పింది బేతనే. తన ఇంటి తాళం ఇంత గట్టిగా ఉందేమని దొంగ గర్వపడినట్టు ఒక్క క్షణం గర్వపడి, తర్వాత అడుగు ముందుకేశాడు.

మొదటి వాకిలి దాటాడు. భటులు కదల్లేదు. రెండు, మూడు, నాలుగు దాటాడు. పదేళ్ళు తన పక్కన నిలబడి పోరాడినవాళ్ళ ముందు నుంచి గాలి పోయినట్టు పోతున్నాడు. ఒక్కరి ముక్కుపుటమూ అదరలేదు. నిజంగానే చచ్చిపోయానేమో అని అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. ఐదో వాకిలి మెట్టు ఎక్కుతుంటే మోకాలు టప్పుమని మోగింది.

"ఎవరది?" భటుడి బల్లెం అతని పొట్టకు బెత్తెడు దూరంలో ఆగింది.

బేతన ఊపిరి బిగబట్టాడు. భటులిద్దరూ గాలి పీల్చారు.

"మనిషి లేడు. వావిలాకు నూనె వాసనొస్తోంది."

"యువరాజుగారు కాచే నూనె. ఈ లోగిలంతా ఎప్పుడూ అదే కంపు గదా. పిల్లి ఏదో కుప్పె దొర్లించి ఉంటుంది."

బల్లెం దిగింది. పిల్లి మిగిలిన రెండు వాకిళ్ళూ కుంటుకుంటూ దాటింది.

కుండల మండపంలో ఇంకా ఎవరూ లేరు. పాలరాతి నేల మీద ముగ్గు గీతలో తొమ్మిది కుండలు వరసగా ఉన్నాయి. ఎనిమిదింటికి జరీ గుడ్డతో వాసెన కట్టి ముడి మీద రాజముద్ర వేశారు, అది చెదిరితే వరణం చెల్లదు. తొమ్మిదోదాని మీద ఒట్టి మూకుడు బోర్లించి ఉంది. బేతన భుజాన ఉన్న ఉత్తరీయం తీశాడు. ఏడు రోజుల దుమ్ము, మోకాలికి కట్టి విప్పిన ముడతలు, నూనె మరకలు. తన వాసన మాత్రం ఒక్క పోగులోనూ లేదు. పెళ్ళికి ఇలాంటి గుడ్డ తెచ్చినందుకు సిగ్గేసింది. అయినా మడిచి కుండలో పెట్టి, పెద్ద నగారా వెనక్కు నక్కాడు.

కొద్దిసేపట్లో సభ నిండింది. మహారాజు చిత్రభానుడు వచ్చి సింహాసనం మీద వాలాడు. కరాళవర్మ సేన పొలిమేరలో దిగిన నాటి నుంచీ ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఎనిమిది మంది వరులూ ఎనిమిది పీటల మీద కూర్చున్నారు. నాలుగో పీట మీద కరాళవర్మ మీసం దువ్వుకుంటున్నాడు. నడుముకు నల్ల సొరబుర్ర వేలాడుతోంది. దాన్ని చూసేసరికి బేతన పళ్ళు పటపటా కొరికాడు. కానీ ఏం లాభం? కుండ ఎత్తేదాకా సభలో ఎవరు నోరు విప్పినా వరణం చెడిపోతుంది. అప్పుడు వరుణ్ణి తేల్చే హక్కు మహారాజుది. ఆయన భయంతో ఎవరి పేరు చెబుతాడో సభకంతా తెలుసు. అరిస్తే నుయ్యి, ఊరుకుంటే గొయ్యి.

కువలయుడు వచ్చాడు. తెల్లటి పట్టు కట్టుకున్నాడు, కళ్ళకు పచ్చ గంతలు, మెడలో పసుపు నూలు. మనిషి చిక్కిపోయాడు. దళవాయి చచ్చాడన్న వార్త విన్న నాటి నుంచీ అన్నం ముట్టలేదని ముఖమే చెబుతోంది. అతని పొగడపూల వాసన మండపమంతా నిండింది. బట్టీ తన వాసనను దోచింది గాని ముక్కును దోచలేదు. ఆ వాసన తగిలి బేతన నగారా చర్మానికి నుదురు ఆనించుకున్నాడు.

కువలయుడు మొదటి కుండ దగ్గర వంగాడు, లేచాడు. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగో కుండ వాసెన విప్పగానే అతని వెన్ను నిటారైంది. గంతల కింది నుంచి రెండు కన్నీటి చారలు చెంపల మీదికి దిగాయి. రెండు చేతులతో కుండను పొదివి పట్టుకుని, చెంప దాని అంచుకు ఆనించి అలాగే ఉండిపోయాడు. కరాళవర్మ పీట మీద నుంచి సగం లేచాడు.

తన కోసం ఒకరు అంతగా ఏడవగలరని బేతనకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన క్షణాన్నే ఆ కన్నీరు తన శత్రువు కుండ మీద పడుతుంటే చూడాల్సి వచ్చింది. వద్దు నాయనా అని లోపల్లోపలే మొత్తుకున్నాడు.

కువలయుడు కుండను నేల నుంచి జానెడు ఎత్తాడు. ఆగాడు. మళ్ళీ వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. కుండను మెల్లగా కిందికి దించాడు.

సభ ఊపిరి పీల్చుకోలేదు. అతను ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది గబగబా దాటాడు. ఇంక కుండలు లేవనుకుని మహారాజు నిట్టూర్చేలోపే తొమ్మిదోదాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూకుడు తీశాడు. తల దాదాపు కుండలోకే పెట్టాడు. లేచేసరికి ముఖం మీద నవ్వు ఉంది. రానివాడి కుండను ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇది చెల్లదు" అని కరాళవర్మ గర్జించాడు. "అది ఉత్త కుండ."

"ఉత్తది కాదు" అని బేతన నగారా వెనక నుంచి బయటికి వచ్చాడు. "అందులో ఉన్నది నా ఉత్తరీయం. అడిగిన రోజునే పెట్టాల్సింది. బుద్ధి ఆలస్యంగా వచ్చింది, క్షమించండి దొరా."

ఆ గొంతు విని కువలయుడు గంతలు పీకేశాడు. సభలో సగం మంది దయ్యమని వెనక్కు తగ్గారు. మహారాజు దిగి వచ్చి బేతన మెడ దగ్గర వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. పాపం ఆయనకు తన దళవాయి ముఖం కనిపిస్తూనే ఉంది, కానీ నూరేళ్ళ ఆచారం ముందు కళ్ళ సాక్ష్యం ఏపాటిది?

"కనబడుతున్నావు, మాట్లాడుతున్నావు, కానీ శాస్త్ర ప్రకారం నువ్వు లేవు బేతనా" అన్నాడు మహారాజు. "నా బిడ్డ శవాన్ని వరించాడు. ఇద్దరినీ దక్షిణ ద్వారాన సాగనంపాలి. వచ్చే పున్నమిలోగా నీ వాసనతో తిరిగి వస్తే ఈ మండపంలోనే నూలు విప్పుతాను. రాకపోతే వాడు నాకు లేనట్టే." నల్లకోటవాడి చేతిలో పడకుండా కొడుకును తప్పించడానికి ఆయనకు దొరికిన దారి అదొక్కటే.

కరాళవర్మ నవ్వాడు. సొరబుర్రను అరచేత తట్టి, "దక్షిణ ద్వారం ఏరు నా వంతెన కిందనుంచే పోతుంది మహారాజా" అని చెప్పి చరచరా వెళ్ళిపోయాడు.

దక్షిణ ద్వారం దగ్గర నడిచి పోయే దారి లేదు. అక్కడి నుంచి శవాలే వెళతాయి, అవి తెప్ప మీద వెళతాయి. ఇద్దరినీ వెదురు తెప్ప మీద పడుకోబెట్టి, ఒకే తెల్లగుడ్డ కప్పి, తాడు కోశారు. మధ్యలో జానెడు దూరం వదిలారు. నూలు ఇంకా విప్పలేదు కదా.

గుడ్డ కింద మిట్టమధ్యాహ్నపు వెలుగు తెల్లగా ఉంది. ఏరు మెల్లగా తీసుకుపోతోంది. బేతన పక్కకు తిరిగి చూడడానికి కూడా భయపడ్డాడు.

"ఆ నాలుగో కుండ..." అన్నాడు చివరికి.

"మీ వాసనే అందులో" అన్నాడు కువలయుడు. "నా ప్రాణం అక్కడే ఆగిపోయింది. ఎత్తేశాను కూడా. కానీ అందులో నూనె లేదు. మూడేళ్ళలో మోకాలికి నా నూనె రాసుకోకుండా మీరు ఒక్కసారైనా నా దగ్గరికి వచ్చారా? వావిలాకుతో పాటు నేను చిటికెడు దవనం వేస్తాను. ఆ సంగతి ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు."

బేతన చెయ్యి మోకాలి మీదికి పోయింది. ముసలి మోకాలని తను సిగ్గుపడి దాచుకున్నదే తనను పట్టిచ్చింది.

"నాకు మీ దగ్గరికి రావాలని ఉండేది" అన్నాడు. "ప్రతి నెలా. ఆ కుప్పె రెండు రోజుల్లో అయిపోతే బాగుండుననుకునేవాణ్ణి."

"నేను చిన్న కుప్పెలు ఎందుకు వెతికేవాణ్ణనుకున్నారు?"

ముందు నుంచి గుర్రాల సకిలింపు వినబడింది. బేతన గుడ్డ అంచు రవ్వంత ఎత్తి చూశాడు. వంద బారల దూరంలో రాతి వంతెన. దాని మీద నల్లకోట భటులు ముక్కులు కిందికి వంచి ఏరును వాసన చూస్తున్నారు. నడుమ నిలబడ్డ కరాళవర్మ నడుముకు సొరబుర్ర ఊగుతోంది.

"మీ పొగడ వాసన వాళ్ళకు ఇక్కడికే తెలిసిపోతుంది" అని బేతన గుసగుసలాడాడు. "తగ్గించుకోలేరా?"

"మీరు ఇంత దగ్గర ఉంటే నా వాసన నా మాట వింటుందా?" అన్నాడు కువలయుడు. ఆ మాటలో నవ్వు ఉంది, భయమూ ఉంది.

బేతన మొలలో చెయ్యి పెట్టాడు. కిందటి నెల కుప్పె. అడుగున రెండు గుక్కలంత నూనె మిగిలింది. అయిపోతే మళ్ళీ ఎవరిస్తారని సరిహద్దు నుంచి పొదుపుగా వాడుతూ వచ్చింది. దాన్నంతా కట్టుపంచె చెంగు మీద ఒంపి, చెంగును జానెడు దూరం మీదుగా అందించాడు. కువలయుడు మెడకు, చెంపలకు, చేతులకు, పసుపు నూలుకు కూడా పట్టించాడు. పొగడపూల వాసన వావిలాకు కింద మెల్లగా అణిగిపోయింది. వంతెన నీడ గుడ్డ మీద పడింది.

"శవాల తెప్ప" అన్నాడు పైన ఒక భటుడు. "ఇద్దరని గదా దొర చెప్పింది?"

ఇంకొకడు దీర్ఘంగా గాలి పీల్చాడు. "ఇద్దరు కాదు. ఒకటే వాసన."

గుడ్డ కింద కువలయుడు ఊపిరి ఆపి బేతన వంక తిరిగాడు. బేతన కూడా తిరిగాడు. ఈ సీమలో ఆ మాటకు అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. శత్రువు ముక్కు ఆ సాక్ష్యం చెప్పింది. మండపంలో నూలు విప్పేటప్పుడు పురోహితుడు చెప్పాల్సిన మాట అది.

"ఒకటైనా రెండైనా వట్టిచేతులతో వదలకండి" అని కరాళవర్మ గొంతు వినబడింది. "గుడ్డ నడిమికి ఒక్క పోటు పొడిచి పోనీండి."

గుడ్డ మీద పడ్డ నీడల్లో ఒక బల్లెం నీడ పైకి లేచింది. అది కువలయుడి రొమ్ము మీదుగా నిలిచింది. బేతన మూడేళ్ళుగా దాటని ఆ జానెడు దూరం దాటాడు.